బ్యాటరీకి బొంత

యుంగ్‌హెంగ్ రవాణా సంస్థలో పాంగ్ దెలిన్ వరసగా ఏడేళ్ళు ఆదర్శ డ్రైవరు. నలభై లారీల్లో అందరికంటె తక్కువ డీజిలు తాగిన లారీ ఎవరిదో తేల్చి, ఏటా చలికాలం చివర క్యాంటీను హాలులో అతని ఛాతీకి పట్టుగుడ్డతో చేసిన పెద్ద ఎర్రపువ్వు గుచ్చేవారు. ఏడుసార్లూ పాంగ్ లేచి నిలబడి ఒకటే మాట చెప్పాడు: "ఇది నా గొప్పతనం కాదు. యాజమాన్యం చూపిన శ్రద్ధ, తోటివాళ్ళు చేసిన సాయం." అది నిజం కాదని హాలులో ఉన్న అందరికీ తెలుసు. యాజమాన్యం ప్రత్యేకంగా చూపిన శ్రద్ధ ఏదీ లేదు. తోటివాళ్ళు సాయం చెయ్యడం అటుంచి, అతని నెమ్మది నడక భరించలేక వెనకనుంచి హారన్లు మోగించేవారు. అయినా పువ్వు పెట్టించుకున్నవాడు అలాగే అనాలి, విన్నవాళ్ళు చప్పట్లు కొట్టాలి. థాంగ్‌షాన్ తీరాన ఆ మర్యాద తప్పినవాణ్ణి ఎవరూ చూడలేదు.

అతనికి యాభై ఏడేళ్ళు. ఓడరేవు నుంచి ఉక్కు కర్మాగారానికి ఇనుప ఖనిజం తోలడం పని. దారి యాభై కిలోమీటర్లు. ఒక పక్క ఉప్పుమడులు, మరో పక్క రొయ్యల చెరువులు. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆ దారి మీదే తిరిగాడు. డీజిలు గడ్డకట్టే చలిలో ట్యాంకు కింద బొగ్గుల కుంపటి ఎంత దూరంలో పెట్టాలో, లారీ మూతికి దూదిబొంత ఎంత బిగువుగా కట్టాలో, ఇంజను ఎంతసేపు వేడెక్కితే గేరు వెయ్యవచ్చో అతనికి తెలిసినంతగా ఇంకొకరికి తెలియదు. ఈ విద్యలేవీ అతడు పుస్తకంలో చదవలేదు. చేత్తో నేర్చుకున్నాడు కాబట్టి వాటిని సందేహించడం కూడా నేర్చుకోలేదు.

స్టీరింగు పట్టినవాణ్ణి అక్కడ షిఫు అంటారు. పని తెలిసిన పెద్ద అని దాని అర్థం. గేటు దగ్గర కూచున్నవాణ్ణి తాత అంటారు. హో అనే డ్రైవరుకి కంటి ఆపరేషను జరిగాక సంస్థవాళ్ళు దయతలచి గేటు పని ఇచ్చారు. సోమవారం దాకా అతడు హో షిఫు, మంగళవారం పొద్దున్నుంచి హో తాత. పాంగ్ కంటె రెండేళ్ళు చిన్న. జీతంలో చెప్పుకోదగ్గ తేడా లేదు, ఎండా చలీ బాధ లేదు, మధ్యాహ్నం కునుకు కూడా తీయవచ్చు. ఇన్ని సుఖాలున్న ఆ కుర్చీని పాంగ్ రోజుకు నాలుగుసార్లు దాటిపోతూ, చితి పక్కనుంచి పోతున్నట్టు తల తిప్పుకునేవాడు.

అటువంటి మనిషి జీవితంలోకి కరెంటు లారీలు వచ్చాయి.

మరుసటి సంవత్సరం నుంచి డీజిలు లారీని గేటు దాటనివ్వబోమని ఉక్కు కర్మాగారం ఉత్తరం రాసింది. ఆ ఉత్తరాన్ని తిట్టుకోని డ్రైవరు లేడు. న్యాయంగా ఆలోచిస్తే దాన్ని తప్పుపట్టడం కష్టం. ఆ ఊళ్ళో పొద్దున ఆరేసిన తెల్లచొక్కా సాయంత్రానికి బూడిదరంగు తేలేది. శీతాకాలంలో బడి గంట కంటె ముందు పిల్లల దగ్గులు వినిపించేవి. మార్పు కావాలా వద్దా అన్న ప్రశ్నకి జనం ఊపిరితిత్తులు ఎప్పుడో జవాబు చెప్పాయి. తేలవలసింది ఒకటే, ఎవరి కింద సీటు పోతుంది అని.

సంస్థ యజమానురాలు నింగ్ యుజెన్. రెండు పాత లారీలతో మొదలుపెట్టి, ఒకటి తనే నడిపి, నలభై దాకా తెచ్చిన మనిషి. డ్రైవర్లంతా ఆమెను నింగ్ అక్క అంటారు. ఆమె అందరినీ హాలులో కూచోబెట్టి, కరెంటు లారీ బ్యాటరీని స్టేషనులో ఐదు నిమిషాల్లో మార్చుకోవచ్చుననీ, మరమ్మతులు తక్కువనీ, కాబట్టి ముప్పై లారీలు నలభై లారీల పని చేస్తాయనీ వివరించింది. తరవాత అసలు సంగతికి వచ్చింది.

"స్టీరింగులు ముప్పై, మీరు నలభైమంది. నవంబరు, డిసెంబరు, జనవరి, ఈ మూడు నెలలూ అందరూ వంతులవారీగా తోలండి. నూరు కిలోమీటర్లకి ఎవరు ఎన్ని యూనిట్లు కాల్చారో కొలుస్తాం. మొదటి ముప్పైమంది బండి మీద ఉంటారు, తక్కినవాళ్ళకి కింద పని చూపిస్తాను. ఎవరినీ ఇంటికి పంపను. మా తమ్ముడు కూడా ఈ నలభైలో ఒకడు. వాడి కోసం నా దగ్గరికి ఎవరూ రావద్దు, వాడితో సహా."

ఇంతకంటె నిష్పక్షపాతమైన నిబంధన రాయడం కష్టం. పాంగ్ నిశ్చింతగా ఇంటికి పోయాడు. పొదుపులో ఏడేళ్ళు మొదటివాడు ముప్పైమందిలో ఉండడా?

నవంబరు జాబితాలో అతడు ముప్పై ఏడోవాడు. నూట ఎనభై మూడు యూనిట్లు.

మొదటివాడు కువాంగ్ లెయ్. నూట అరవై ఒకటి. ఇరవై తొమ్మిదేళ్ళవాడు. లారీ పట్టి రెండేళ్ళు కాలేదు; అంతకు ముందు ఆరేళ్ళు బ్యాటరీ స్కూటరు మీద ఇంటింటికీ నూడుల్సు చేరవేశాడు. ఆదర్శ డ్రైవరు ముప్పై ఏడో స్థానంలోనూ, నూడుల్సు మోసినవాడు మొదటి స్థానంలోనూ ఉన్న ఆ కాగితాన్ని చూడడానికి వంటవాళ్ళు కూడా గరిటెలు వదిలి వచ్చారు. కువాంగ్ మాత్రం ఎగతాళి చెయ్యలేదు. క్యాంటీనులో కొర్రగంజి గిన్నె పట్టుకుని వచ్చి పాంగ్ ఎదురుగా కూచున్నాడు.

"పాంగ్ షిఫూ, పొద్దున్నే బండెక్కి ఇరవై నిమిషాలు అలాగే కూచుంటారు, ఎందుకు?"

"వేడెక్కాలి కదా."

"ఎవరు?"

పాంగ్ నోట్లో రొట్టెముక్క అలాగే ఉండిపోయింది. ఇంజను అనబోయాడు. ఇంజను లేదు.

అప్పుడు కువాంగ్ నెమ్మదిగా విడమరచి చెప్పాడు. డీజిలు లారీలో వెచ్చదనం ఊరికే వస్తుంది, ఇంజను ఎలాగూ పారబోసే వేడే అది. ఈ లారీలో క్యాబిన్‌లోకి వచ్చే ప్రతి వెచ్చటి గాలీ బ్యాటరీ రక్తం. కర్మాగారం గేటు దగ్గర రెండు గంటలు వరసలో నిలబడి హీటరు పెట్టుకుంటే, కదలకుండానే ఎన్నో కిలోమీటర్లు తగలబెట్టినట్టే. "స్కూటరు మీద నేను హెడ్‌లైటు కూడా ఆర్పి తోలేవాణ్ణి షిఫూ. లేకపోతే ఆఖరి వీధికి అందేవాణ్ణి కాదు. బ్యాటరీతో బతకాలంటే మన చలి మనమే మొయ్యాలి."

పాంగ్ ఇంటికి పోయి రెండు రోజులు ఆలోచించి, డిసెంబరు మూడో తేదీన రెండు పనులు చేశాడు. ఒకటి, హీటరు పూర్తిగా కట్టేశాడు. రెండు, బ్యాటరీకి బొంత కప్పాడు. రెండూ ఒకే రోజున మొదలుపెట్టడం, ఇలాంటి విషయాల్లో ఎవరూ చెయ్యకూడని తప్పు. ఆ మాట అతనికి చెప్పేవాళ్ళు ఆ రోజున లేరు.

బొంత ఆలోచన అతని చేతుల్లోంచి పుట్టింది. కరెంటు లారీ బ్యాటరీ క్యాబిన్ వెనక నిలువుగా, మూడు టన్నుల బీరువాలా ఉంటుంది. చలికి బ్యాటరీ నీరసిస్తుందని అందరూ అంటున్నారు. నీరసించేదానికి బొంత కప్పాలని ముప్పై ఒక్క శీతాకాలాలు చూసిన మనిషికి ఒకరు చెప్పాలా? పాత లారీ మూతిబొంత ఇంటికి తెచ్చి, దాన్ని పెంచి బీరువాకి సరిపోయేలా కుట్టమని భార్య షుచిన్‌ని అడిగాడు.

ఆమె ఆ కొలతలు చూసి సూది కింద పెట్టింది. "ముప్పై ఏళ్ళ కాపురంలో ఒక్కనాడైనా నా మోకాళ్ళ మీద దుప్పటి సర్దావా, పాంగ్? ఇప్పుడు ఇనప బీరువాకి పరుపు కుట్టాలి. దానికి జలుబు చేస్తే కషాయం కూడా నేనే కాచాలా?"

అయినా కుట్టింది. గుడ్డ చాలక, తమ పెళ్ళినాటి ఎర్ర బొంత విప్పి లోపలి వరసకి వేసింది. దాని మీద పెద్ద పెద్ద పూలు, మధ్య ఈదుతున్న హంసల జంట.

ఆ రోజునుంచి పాంగ్ లారీ నడపడం చూడదగ్గ దృశ్యం. ముందు అంకెలు చూపే రంగురంగుల తెర, కింద చప్పుడు లేని మోటారు. వాటి మధ్య గొర్రెతోలు కోటు, చెవులు మూసే టోపీ, ఉన్ని బూట్లు, ఒళ్ళో వేడినీళ్ళ సీసా, మోకాళ్ళ మీద మడత పెట్టిన వార్తాపత్రికలు. బయట సున్నాకి పదమూడు డిగ్రీలు కింద. ఊపిరికి అద్దం లోపల మంచు పేరుకుంటుంది కాబట్టి కిటికీ రెండు వేళ్ళ సందు తెరిచే ఉండాలి. వాళ్ళ తాత కంచరగాడిద బండి మీద ఉప్పు తోలిన రోజుల్లో ఎలా ముడుచుకుని కూచునేవాడో, మనవడు సరిగ్గా అలాగే ముడుచుకుని ఈ శతాబ్దపు లారీ నడిపాడు. తాతకు ఒక సౌకర్యం ఉండేది: జంతువు ఒంటి వేడి.

బొంతతో ఇంకో చిక్కు ఉంది. స్టేషనులో క్రేను పాత బ్యాటరీని ఎత్తి పక్కన పెట్టి, నిండుగా ఉన్నదాన్ని దించుతుంది. పొద్దున్నంతా తను బొంత కప్పి కాపాడిన బ్యాటరీ మధ్యాహ్నానికి ఎవరి లారీ మీదో ఉంటుంది. ఎవరో గాలికి వదిలేసింది తన వెనక వచ్చి కూచుంటుంది. సొంత ట్యాంకు, సొంత ఇంజను అన్న లెక్కలో బతికినవాడికి అది మింగుడుపడలేదు. అయినా ప్రతిసారీ క్రేను దిగేలోపల తాళ్ళు విప్పి, కొత్త బ్యాటరీకి మళ్ళీ కట్టుకునేవాడు.

డిసెంబరు పంతొమ్మిదిన ఒక ముడి మంచుకి బిగుసుకుపోయింది. కత్తి కోసం అతడు క్యాబిన్‌లోకి ఎక్కేలోపలే క్రేను బ్యాటరీని ఎత్తేసింది. బొంత తలకిందులై తెరుచుకుంది. పూలూ హంసల జంటా యార్డు అంతటికీ కనిపించేలా గాలిలో ఊగాయి. ఒక అంచు క్రేను కెమెరా మీద పడింది. యంత్రానికి కళ్ళు కనపడక ఉన్నచోటే ఆగిపోయింది. వెనక తొమ్మిది లారీలు నిలిచాయి. నలభై నిమిషాలు పట్టింది దాన్ని దించడానికి. ఆ నలభై నిమిషాలూ డ్రైవర్లకి పండుగ. ఎవరి శోభనమోయ్ అని ఒకడు అడిగితే, పెళ్ళిమంచం వచ్చింది గాని పెళ్ళికూతురేదీ అని ఇంకొకడు. పాంగ్ తల పైకెత్తి, తన కాపురాన్ని అందరితో పాటు చూస్తూ నిలబడ్డాడు.

సాయంత్రం విచారణ జరిగింది. నింగ్ అక్క బల్ల మీద బొంత, బల్లకి ఆ పక్క ఆమె, పక్కన కార్యాలయ అధికారి ఛీ వెన్‌బిన్. నివేదికలు, నోటీసులు, అభినందన పత్రాలు, మందలింపు పత్రాలు అన్నీ రాసేది అతడే. ఏది రాసినా ఒకే శ్రద్ధతో రాస్తాడు. మందలింపు పత్రంలో డ్రైవరు వివరాలు నింపడానికి అతడు జాబితా తెరిచాడు. తెరిచి, మళ్ళీ చూసి, కాగితాన్ని యజమానురాలి వైపు తిప్పాడు. ఆ నెల మొదటి పద్ధెనిమిది రోజుల్లో పాంగ్ దెలిన్ సగటు నూట అరవై మూడు. రెండో స్థానం.

"ముప్పై ఏడునుంచి రెండుకి వచ్చావా?" నింగ్ అక్క బొంత అంచు పట్టుకుని దూది మందం చూసింది. "దీనితోనేనా?"

"దీనితో కూడా," అన్నాడు పాంగ్.

ఆ 'కూడా' ఛీ వెన్‌బిన్ రాసుకున్న కాగితంలోకి ఎక్కలేదు. కావాలని వదిలేశాడని చెప్పడానికి ఆధారం లేదు. బల్ల మీద బొంత కనిపిస్తోంది. కట్టేసిన హీటరు ఎవరికి కనిపిస్తుంది? మందలింపు పత్రం పక్కకి పోయి అభినందన పత్రం ముందుకి వచ్చింది. తక్కువ ఖర్చుతో కార్మికులు చేసిన కొత్త ప్రయోగాలు చూడడానికి జిల్లానుంచి ఒక బృందం వస్తుందనీ, చూపించడానికి ఏముందా అని తాను నెలరోజులుగా తల పట్టుకున్నాననీ నింగ్ అక్క అంది. కిందటి వారం దాకా బొంత అనిపించుకున్న వస్తువు ఆ సాయంత్రం 'ఉష్ణ సంరక్షణ కవచం' అయింది. ఆదా పదకొండు శాతం అని తేలింది.

జనవరి మొదటి వారంలో కువాంగ్ ఒక కబురు తెచ్చాడు. కంప్యూటరులో పట్టికలు గీయడం అతనికి వచ్చు కాబట్టి ఛీ వెన్‌బిన్ నివేదిక చిత్తుప్రతి అతని చేతికి ఇచ్చాడు. చివరి పేజీలో ఒక సిఫారసు ఉంది: అన్ని లారీలకీ బొంతలు, వాటిని విప్పి కట్టడానికి స్టేషనులో ముగ్గురి బృందం, దానికి నాయకుడు పాంగ్ దెలిన్.

"నాయకుడైపోతున్నారు. ఇక సిగరెట్లు మీరే ఇప్పించాలి."

"నాయకుడు ఎక్కడుంటాడు?"

"స్టేషనులో. కుర్చీ కూడా వేస్తారట."

పాంగ్ సిగరెట్టు పెట్టె తీసి ఒకటి అతని చేతిలో పెట్టాడు. తరవాత, హీటరు సంగతి వాళ్ళకి తెలియదా అని అడిగాడు. తెలియదన్నాడు కువాంగ్. బొంత వల్ల ఎంత, హీటరు వల్ల ఎంత అన్నది షిఫుకైనా తెలుసా అని ఎదురడిగాడు. పాంగ్‌కీ తెలియదు. ఆ విషయం ఒప్పుకోవడం అతనికి మేలు చేసింది. ఎలా తేల్చాలో అక్కడికక్కడే తట్టింది: రెండిటినీ విడదియ్యాలి.

నాలుగు రోజులు బొంత తీసేసి, హీటరు కట్టేసి తోలాడు. నూట అరవై నాలుగు యూనిట్లు. మరో నాలుగు రోజులు బొంత కప్పి, హీటరు పెట్టుకుని తోలాడు. నూట ఎనభై ఒకటి. ఈ నాలుగు రోజుల వెచ్చదనం జాబితాలో అతన్ని ఎన్నో మెట్లు కిందికి దించింది. అది తెలిసే చేశాడు. ఎనిమిది రోజులు తిరుగులేని రుజువు కాదు. గాలి మారుతుంది, బరువు మారుతుంది, గేటు దగ్గర వరస మారుతుంది. అయినా నివేదికకి ఆధారమైన లెక్క కంటె ఇది గట్టిది. బొంత చేసే మేలు ఒకటి రెండు యూనిట్లు, తక్కినదంతా అతని మోకాళ్ళు చేసినది. అవి అప్పటికే రెండు కుండల్లా వాచి ఉన్నాయి.

ఆ అంకెలు సిగరెట్టు పెట్టె అట్ట మీద రాసుకుని ఛీ వెన్‌బిన్ దగ్గరికి పోయాడు. బొంతలో అంత లేదని, నివేదిక ఆపమని చెప్పాడు. ఛీ వెన్‌బిన్ శ్రద్ధగా విని, లేచి అతనికి టీ పోసి ఇచ్చాడు.

"పాతవాళ్ళు ఇలాగే ఉంటారు, పాంగ్ షిఫూ. ఈ మాట ఇక్కడ వృథా చెయ్యకండి. సభలో అనండి, బాగుంటుంది."

ఏటా పువ్వు గుచ్చే సభ జనవరి ముప్పై ఒకటిన. ఆ మధ్యాహ్నం పన్నెండు గంటలకి మూడు నెలల తుది జాబితా హాలు తలుపుకి అంటించారు. పాంగ్ దెలిన్, ఇరవై ఒకటో స్థానం. నిబంధన ప్రకారం స్టీరింగు అతనిదే, ఎవరి దయా అక్కరలేదు. సభ ఒంటిగంటన్నరకి. అంటే సరిగ్గా గంటన్నర సేపు అతడు నిశ్చింతగా ఉన్నాడు. నువ్వులరొట్టె రెండోది కూడా అడిగి తిన్నాడు.

వేదిక మీద పువ్వు గుచ్చారు. ఛీ వెన్‌బిన్ నివేదిక చదివాడు. మాట్లాడమని పాంగ్‌ని ముందుకి పిలిచారు. అతడు అట్టముక్క తీసి, గొంతు సవరించుకుని, ఉన్న సత్యాన్ని ఉన్నట్టు చెప్పడం మొదలుపెట్టాడు.

"ఇది నా గొప్పతనం కాదు."

హాలు చప్పట్లతో మోగింది. ఏడేళ్ళుగా ఆ నోట ఆ మాట విన్నవాళ్ళు, ఎనిమిదోసారి విని తృప్తి పడ్డారు. పాంగ్ చప్పట్లు ఆగేదాకా నిలబడి, తప్పు ఎక్కడ జరిగిందో గ్రహించి, సర్దుకోబోయాడు.

"బొంత గొప్పతనం కూడా కాదు."

చప్పట్లు రెట్టింపయ్యాయి. అంకెలు చదివాడు. నూట అరవై నాలుగు, నూట ఎనభై ఒకటి. వినయానికి లెక్కలు కూడా జోడించినవాణ్ణి ఎవరూ ఎరగరు. వెనక వరసవాళ్ళు లేచి నిలబడ్డారు. నింగ్ అక్క అందరివైపూ తిరిగి, తన పేరు వద్దనేవాళ్ళని చూశాను గాని, తను చేసిన వస్తువుకి కూడా పేరు వద్దనేవాణ్ణి ఇప్పుడే చూస్తున్నాను అంది.

"అక్కా, నేను వినయంగా మాట్లాడటం లేదు."

"వినయవంతుడు ఇంకెలా అంటాడు?" అన్నాడు పక్కనుంచి ఛీ వెన్‌బిన్. వ్యంగ్యం లేదు అతని గొంతులో.

ఇక మాటలతో పని కాదని పాంగ్‌కి అర్థమైంది. వంగి, ఉన్ని పంట్లాము కాళ్ళు రెండూ మోకాళ్ళ పైకి లాగాడు. ఎర్రగా, నున్నగా, గుండ్రంగా ఉబ్బిన రెండు మోకాళ్ళు దీపాల వెలుగులో అందరికీ కనిపించాయి. "హీటరు కట్టేసి తోలాను. ఆదా ఇక్కడినుంచి వచ్చింది," అన్నాడు.

ఈసారి ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఆ రోజున మొదటిసారి అతడు చెప్పినది నమ్మారు. నింగ్ అక్క లేచి వచ్చి, ఒక మోకాలి మీద వేలు ఆనించి, ఎన్నాళ్ళుగా అని అడిగింది. డిసెంబరు నుంచి అన్నాడు. లారీ తోలిన రోజుల్లో తన మోకాళ్ళు ఎలా ఉండేవో ఆమెకు జ్ఞాపకం వచ్చి ఉండాలి.

"ఈ కాళ్ళతో ఈయన్ని మళ్ళీ బండి ఎక్కిస్తే నేను మనిషినే కాను. రేపటినుంచి కింద పని. నాయకుడి కుర్చీ పక్కన పొయ్యి కూడా పెట్టించండి."

అన్నది మంచి మనసుతోనే. మర్నాడు చూసిన వైద్యుడు కూడా ఆమె చెప్పినదే చెప్పాడు. పాంగ్ తెచ్చిన రుజువు ఒప్పుకున్నారు. దానివల్ల నిరూపణ అయింది మాత్రం అతడు లారీకి పనికిరాడన్న సంగతి. ఖాళీ అయిన స్టీరింగు ముప్పై ఒకటో స్థానంలో ఉన్నవాడికి వచ్చింది. అతడు నింగ్ అక్క తమ్ముడు. ఇందులో ఏదో ఉందని కొన్నాళ్ళు గుసగుసలాడారు. ఆధారమేదీ దొరకలేదు; ఆ వాపు ఎవరూ ఊది తెప్పించినది కాదు.

హీటరు సంగతి ఏమైందంటే, ఏమీ కాలేదు. డ్రైవర్లు చలికి వణకడం వల్ల ఆదా అయిందని జిల్లా బృందానికి ఏ సంస్థా రాసి ఇవ్వదు. ముప్పై ఆకుపచ్చ రెక్సిన్ బొంతలు, ఒక్కొక్క దాని మీద సంఖ్య, సంస్థ పేరు అచ్చువేసి వచ్చాయి. జనవరిలో నూట డెబ్భై ఏడు ఉన్న అందరి సగటు మార్చి చివరికి నూట యాభై ఎనిమిదికి దిగింది. నివేదిక చెప్పిన పదకొండు శాతం అక్షరాలా నిజమైంది. మధ్యలో వసంతం వచ్చిందనీ, హీటర్లు వాటంతట అవే ఆగాయనీ ఏ కాగితంలోనూ లేదు. జిల్లా బృందం బొంతలతో ఫోటోలు తీయించుకుని పోయింది.

పాంగ్ కుర్చీలో కూచునేవాడు కాదు. బొంతలు విప్పడం, కట్టడం ఎలాగో తన ఇద్దరు మనుషులకీ ఓపికగా నేర్పాడు. క్రేను మళ్ళీ ఒక్కసారి కూడా ఆగలేదు. కాగితాల మీద అతడు బృందనాయకుడు పాంగ్. పాతవాళ్ళు ఏమని పిలవాలో తోచక పిలవడం తగ్గించారు. ఫిబ్రవరిలో కుర్ర డ్రైవరు ఒకడు కిటికీలోంచి తల బయట పెట్టి, "తాతా, కొంచెం తొందరగా విప్పు," అన్నాడు. చెడ్డగా అనలేదు, మర్యాదగానే అన్నాడు. పాంగ్ ముడి విప్పాడు.

మర్నాడు అతడు నింగ్ అక్క దగ్గరికి పోయి మొట్టమొదటిసారి ఒక కోరిక అడిగాడు. తడిసిన బొంతలు ఆరబెట్టే షెడ్డు స్టేషనుకి నాలుగు వందల మీటర్ల దూరం. తోపుడు బండి మీద ఇద్దరు మనుషులు తోసుకుపోతున్నారు. ఒక బ్యాటరీ మూడుచక్రాల బండి కొనిస్తే ఒక్కడు చాలు. ఆ ఒక్కడూ తనే. మోకాళ్ళకి శ్రమ లేదు, కాళ్ళ మీద దుప్పటి కప్పుకోవచ్చు. ఆమె ఇన్నాళ్ళకి నోరు తెరిచి అడిగాడని సంతోషించి, అదే వారం తెప్పించింది.

ఆ బండికి క్యాబిన్ లేదు, హీటరు లేదు, తెర లేదు. గుండ్రటి స్టీరింగు కూడా కాదు, సైకిలుకి ఉన్నట్టు పిడి. పాంగ్ దాన్ని తన ఇద్దరు మనుషుల్లో ఎవరి చేతికీ ఇవ్వలేదు. పొద్దున్నే ఒకసారి చుట్టూ తిరిగి చక్రాలు తన్ని చూసుకుని, దారి ఖాళీగా ఉన్నా మలుపు దగ్గర చెయ్యి చాపి, గంటకి పది కిలోమీటర్ల వేగంతో బొంతలు తోలేవాడు.

ఏప్రిల్ జాబితా వచ్చింది. బ్యాటరీతో నడిచే సంస్థ వాహనాలన్నీ జాబితాలో ఉండాలని ఛీ వెన్‌బిన్ తనే రాసిన నిబంధన. నిబంధన అంటే అతనికి ప్రాణం. మొదటి స్థానం: మూడుచక్రాల వాహనం, నూరు కిలోమీటర్లకి ఆరు యూనిట్లు, డ్రైవరు పాంగ్ దెలిన్. రెండో స్థానం కువాంగ్ లెయ్. నెలనెలా మొదటివాడిగా ఉన్న కువాంగ్, నేను ముప్పై టన్నులు మోస్తుంటే ఆయన పరుపులు మోసి గెలుస్తాడా అని క్యాంటీనంతా వినపడేలా అడిగాడు. నవ్వుతూనే అడిగాడు గాని, అన్నం సగంలో వదిలేశాడు.

అతని మాటలో న్యాయం ఉంది. పాంగ్ ఆ సాయంత్రమే ఛీ వెన్‌బిన్ గదికి పోయి, ఆ బండి లారీ కాదనీ, జాబితాలోంచి తన పేరు కొట్టెయ్యమనీ చెప్పాడు.

ఛీ వెన్‌బిన్ కలం మూత పెట్టి, అభిమానంగా అతనివైపు చూశాడు. "మీరు ఇక మారరు, పాంగ్ షిఫూ."

పాంగ్ నోరు తెరిచాడు. చెప్పవలసిన మాట అతని దగ్గర సిద్ధంగానే ఉంది. అది వినయం కాదు, నిజం. కాని షిఫు అన్న పిలుపు మళ్ళీ చెవిన పడేసరికి మూడు నెలలు దాటింది. టోపీ తలకి పెట్టుకున్నాడు. తరవాత, పదకొండు బొంతలు తడిగా ఉన్నాయనీ, చీకటి పడేలోపల తోలాలనీ చెప్పి బయటికి నడిచాడు. పేరు కొట్టెయ్యమని మళ్ళీ అడగలేదు.